ఇన్నేళ్ళు నమ్మకంగా బతికాం, అయినా ఇదే జరిగింది. ఇంక దేవుణ్ణి నమ్మడం అంటే ఏంటి?

మూడోబెంచీ:

అందరికీ వందనాలు. ఇది ఎవరినడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోవద్దు.

మా ఆయనకీ నాకూ పెళ్ళయి 19 ఏళ్ళు. ఇద్దరం చిన్నప్పట్నుంచీ దేవుని భయంలో పెరిగినవాళ్ళమే. గొప్పకి చెప్పట్లేదు గానీ దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, దేవుడికి ఇవ్వడం ఒక్క నెల ఎగ్గొట్టలేదు, ఆయన సండే స్కూల్ పిల్లలకి 11 ఏళ్ళు పాఠాలు చెప్పారు. మూడేళ్ళ కిందట ఆఫీసులో దొంగ బిల్లుల మీద సంతకం పెట్టమన్నారు, పెట్టనన్నారు, ఉద్యోగం పోయింది. అప్పుడు కూడా నేను ఏడవలేదండీ, దేవుడి కోసం పోగొట్టుకున్నది దేవుడే చూసుకుంటాడులే అనుకున్నా, పైపైకి కాదు, నిజంగానే అనుకున్నా. ఏడాది తిరక్కుండా రెండు కిడ్నీలూ పనిచెయ్యట్లేదన్నారు. ఇప్పుడు వారానికి మూడు సార్లు డయాలసిస్, వెళ్ళినప్పుడల్లా నాలుగు గంటలు మిషన్ మీద. ఆయన పెట్టనన్న సంతకం పక్క సీటు ఆయన పెట్టాడు, ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఇది రాయకూడదనుకున్నా, రాసేశా.

డయాలసిస్ వాళ్ళకి నీళ్ళు కూడా కొలతేనండీ. రోజుకి ఇంతే అని డాక్టర్ చెప్తారు. పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసి పెడతా, మందులు వేసుకున్నా గొంతు తడుపుకున్నా అందులోంచే. సాయంత్రానికి అడుగున రెండు వేళ్ళ మందం మిగిలితే అది రాత్రికి దాచుకుంటారు. ఎండలు ముదిరాక అయితే ఆ సీసా వైపే చూస్తూ కూర్చుంటారు, తాగరు, ఊరికే చూస్తారు. నాకు దాహం వేస్తే వంటింట్లోకి వెళ్ళి తలుపు వెనక నిలబడి ఆయనకి కనపడకుండా తాగొస్తా. ఆ తలుపు వెనకే ఒకరోజు గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా అనిపించింది, ఇన్నేళ్ళూ నేను అసలు ఎవరితో మాట్లాడుతున్నాను అని.

సంఘంలో ఒక పెద్దాయన చూడ్డానికి వచ్చి మంచం పక్కన నిలబడి, "మరుగైన పాపం ఏమన్నా ఉంటే ఒప్పేసుకోండి బ్రదర్" అన్నారు. ఆయన వెళ్ళిపోయాక మా ఆయన రాత్రంతా పడుకోలేదు, చిన్నప్పుడు స్కూల్లో ఎవరిదో పెన్ను తీసుకున్న సంగతి దాకా వెతుక్కున్నారు. నాకు ఆ రోజు నుంచి ప్రార్థన రావట్లేదు. ఆదివారం వెళ్తా, మూడో బెంచీలో కూర్చుంటా, పాటలకి పెదాలు కదుపుతా, వచ్చేస్తా.

నా ప్రశ్న దేవుడు ఉన్నాడా లేడా అని కాదు. ఉన్నాడనే అనుకుంటున్నా, అదే కదా బాధ. ఇలాంటప్పుడు ఆయన్ని నమ్మడం అంటే రోజూ పొద్దున లేచి చెయ్యాల్సింది ఏంటి? ఎవరికన్నా నిజంగా తెలిస్తే చెప్పండి. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" మాత్రం దయచేసి పంపకండి, ఈ రెండేళ్ళలో అది నాకు పువ్వుల బొమ్మలతో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు.

విశ్వాసవీరుడు_7:

సిస్టర్ ధైర్యంగా ఉండండి. మనం మోయలేని బరువు దేవుడు ఎప్పుడూ మన మీద పెట్టడు. ప్రార్థన మాత్రం ఆపొద్దు, ఆపితే సాతానుకి తలుపు తీసినట్టే. మీ కుటుంబం గొప్ప సాక్ష్యం కాబోతుంది. ఆమెన్.

అక్షరంపిచ్చి:

బ్రదర్ మంచి మనసుతోనే అన్నారని తెలుసు గానీ ఆ మాట బైబిల్లో లేదండీ. అందరూ అనేది మొదటి కొరింథీ 10:13 చూసి. అక్కడ ఉన్నది శోధన గురించి, అంటే పాపంలోకి లాగే దాని గురించి, దాన్ని తప్పించుకునే మార్గం కూడా దేవుడు చూపిస్తాడని. మన తెలుగులో వచ్చిన చిక్కేంటంటే శోధన అనే ఒక్క మాటనే ఆశపెట్టి లాగేదానికీ వాడతాం, కష్టానికీ వాడతాం, దాంతో ఆ వాక్యం కాస్తా కిడ్నీలకీ అప్పులకీ అన్నిటికీ అతికించేశాం. అదే పౌలు అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో మొదటి అధ్యాయం 8వ వచనం చూడండి, మా శక్తికి మించిన భారంతో కుంగిపోయాం, బతుకుతామన్న నమ్మకం కూడా లేకపోయింది అని రాసుకున్నాడు. శక్తికి మించి అని ఆయనే అంటుంటే మనం కాదంటే ఎలా.

అక్కా, మీరు పంపొద్దన్న వాక్యం నేను పంపట్లేదు, దాని పైన ఉన్న వచనం గురించి చెప్తా. యిర్మీయా 29:11 అందరికీ నోటికొచ్చు, 10 ఎవరూ చదవరు. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం, బబులోనులో డెబ్బై ఏళ్ళు గడిచాకే మిమ్మల్ని తీసుకొస్తా అని ఉంటుంది అందులో. ఆ ఉత్తరం అందుకున్న వాళ్ళలో పెద్దవాళ్ళంతా తిరిగి రాకుండానే పోయుంటారు. అంటే అది మంగళవారం లోపు అంతా చక్కబడుతుందని రాసిన ఉత్తరం కాదు, అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, చాలా కాలం పడుతుంది అని రాసిన ఉత్తరం. పువ్వుల బొమ్మ మీద అది పట్టదు కాబట్టి ఎవరూ వెయ్యరు.

ఇంకోటి, ఇది నన్ను చాలా ఏళ్ళు తినేసింది. హెబ్రీ 11లో విశ్వాసవీరుల లిస్టు ఉంటుంది కదా (పైన బ్రదర్ పేరు అక్కణ్ణుంచే అనుకుంటా). 34వ వచనంలో విశ్వాసం వల్ల కత్తి నుంచి తప్పించుకున్నవాళ్ళు ఉన్నారు, 37లో అదే విశ్వాసంతో అదే కత్తికి చచ్చిపోయినవాళ్ళు ఉన్నారు. మధ్యలో మూడు వచనాల దూరం అంతే, రెండో బ్యాచ్‌కి విశ్వాసం తక్కువ అని ఎక్కడా రాయలేదు. ఆ పెద్దాయన ఈసారి వస్తే ఇది చూపించండి. లేదా తలుపు తియ్యకండి, అది ఇంకా మంచిది.

విశ్వాసవీరుడు_7:

వాక్యం చెప్తే కూడా తప్పేనా ఇప్పుడు. ధైర్యం చెప్పాలనే కదా రాసింది. ఇలా అక్షరం అక్షరం పీకితే ఎవరికి ఓదార్పు.

పాతబైబిల్:

గొడవ పడకండి బాబూ, ఆ అమ్మాయి అడిగింది వేరు.

అమ్మా, నాకు 68. మా అబ్బాయి 23 ఏళ్ళకి పోయాడు, బండి మీద వస్తూ. అప్పటికి నేను సంఘ పెద్దని, ఎంతమంది ఇళ్ళకి వెళ్ళి ఎన్ని మాటలు చెప్పొచ్చానో అవన్నీ నా ఇంటికి తిరిగొచ్చాయి, ఒక్కటీ నిలబడలేదు. ఒకాయన మాత్రం వచ్చి ఏమీ అనకుండా బయట అరుగు మీద కూర్చుని చీకటి పడ్డాక వెళ్ళిపోయాడు, మూడు రోజులు అలాగే వచ్చాడు. ఆయన మాత్రమే గుర్తున్నాడు నాకు. ఏ తప్పూ చెయ్యకుండానే పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు కూడా మొదట అలాగే ఏడు పగళ్ళు ఏడు రాత్రులు నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు, ఆ ఏడు రోజులూ వాళ్ళు బంగారం. నోరు తెరిచాకే చెడింది.

నువ్వు వాక్యాలు వద్దన్నావు కాబట్టి నేను ఒక మనిషి సంగతి చెప్తా. బాప్తిస్మమిచ్చు యోహాను. తప్పు చేశాడని కాదు, రాజు చేసిన తప్పుని తప్పు అన్నాడని జైల్లో పడ్డాడు, మీ ఆయన లాగే ఒక సంతకం పెట్టనన్న కేసే అనుకో. ఆ జైల్లోంచి శిష్యుల్ని పంపించి యేసుని అడిగించాడు, రాబోయేవాడివి నువ్వేనా, మేము ఇంకొకడి కోసం చూడాలా అని. పుట్టకముందు నుంచీ ఆ పని కోసమే ఏర్పాటైనవాడు, నదిలో తన చేతులతో బాప్తిస్మం ఇచ్చినవాడు, నువ్వేనా అని అడిగాడు! యేసు ఏం చెప్పి పంపాడో మత్తయి 11లో చదువు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, కుష్ఠరోగులు బాగవుతున్నారు, చెవిటివాళ్ళు వింటున్నారు, చనిపోయినవాళ్ళు లేస్తున్నారు, బీదలకి సువార్త అందుతోంది అని. ఇందులో చాలావరకు యెషయా ప్రవక్త మాటల్లోంచే. అదే యెషయా 61లో చెరలో ఉన్నవాళ్ళకి విడుదల అని కూడా ఉంది, యేసు నజరేతులో ఆ మాట చదివాడు కూడా, లూకా 4లో ఉంది. కానీ జైల్లో ఉన్న యోహానుకి పంపిన కబురులో ఖైదీల మాట లేదమ్మా. నా కొడుకు పోయిన రెండో ఏడు ఇది నా కంటపడింది, బైబిల్ మూసేసి బయటికి వెళ్ళిపోయా. అంటే విడుదల ఉంది, నీకు మాత్రం కాదు, ఇప్పుడు కాదు, అని చెప్పి పంపినట్టే కదా.

తర్వాత ఇంకొకటి చూశా. ఆ శిష్యులు వెనక్కి తిరిగి వెళ్ళిపోతుండగా యేసు జనం వైపు తిరిగి, స్త్రీలు కన్నవాళ్ళలో యోహాను కంటే గొప్పవాడు పుట్టలేదు అన్నాడు. అనుమానపడి కబురు పంపిన రోజే ఆ మాట అన్నాడు, కోపగించుకోలేదు, వీడి విశ్వాసం తగ్గింది అనలేదు. అయితే ఆ పొగడ్త యోహానుకి వినపడలేదు. తల తీసేంతవరకూ ఆయనకి తెలిసింది ఆ చిన్న కబురే.

ఎందుకిలా అని నన్నడిగితే నాకు తెలీదు, 19 ఏళ్ళు అయింది మా వాడు పోయి, ఇంకా తెలీదు. యోబుకి కూడా చెప్పలేదు చూడు, పైన పరలోకంలో దేవుడికీ సాతానుకీ మధ్య జరిగిన బేరం సంగతి మనకి తెలుసు, చదివేవాళ్ళకి, యోబుకి చివరి దాకా తెలీదు. 42 అధ్యాయాల పుస్తకం, 38లో దేవుడు నోరు తెరిస్తే అన్నీ ప్రశ్నలే. అయితే చివర్లో ఎవరి మీద కోప్పడ్డాడు? తన తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించిన ఆ ముగ్గురి మీద. పుట్టిన రోజుని శపించుకున్నవాణ్ణి, నన్నెందుకు గురిపెట్టి కొడుతున్నావని నిలదీసినవాణ్ణి పట్టుకుని, నా గురించి సరిగ్గా మాట్లాడింది వీడే అన్నాడు. ఆ ముగ్గురూ దేవుడి గురించి మాట్లాడారు, యోబు దేవుడితో పోట్లాడాడు. నాకు అర్థమైంది ఇంతే.

నువ్వు అడిగిన "నమ్మడం" గురించి. మన భాషలో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. రైతు వాన పడుతుందని నమ్మి విత్తడు, వానని నమ్ముకుని విత్తుతాడు. పడకపోతే ఆకాశం వైపు చూసి తిడతాడు కూడా, తిట్టే హక్కు ఆయనకే ఉంది, ఎందుకంటే ఆయన విత్తనాలు నేలలో ఉన్నాయి. నీవి 19 ఏళ్ళ విత్తనాలు. తిట్టుకో అమ్మా, మొహం మీదే తిట్టు. ప్రార్థన రావట్లేదు అంటున్నావు, మంచి మాటలు రావట్లేదు అంతే, ఉన్న మాటలే అను.

గోడమీదపిల్లి:

నేను మీ సంఘం మనిషిని కాదండీ, గుళ్ళోకి కూడా ఎప్పుడో గాని వెళ్ళను, పేరు చూస్తేనే తెలుస్తుంది కదా. కానీ పెద్దాయన రాసింది చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన పోతన గజేంద్ర మోక్షం రోజూ చదివేవారు. ఏనుగు మొసలితో వెయ్యేళ్ళు పోరాడి అలిసిపోయి మొరపెట్టుకుంటూ మధ్యలో ఒకచోట "కలడు కలం డనెడి వాడు కలడో లేడో" అంటుంది. ఉన్నాడు ఉన్నాడు అంటారే, అసలు ఉన్నాడా లేడా అని. నేను చిన్నప్పుడు అడిగా, దేవుణ్ణి పిలుస్తూ మధ్యలో ఆ డౌట్ ఏంటి తాతయ్యా, దేవుడికి కోపం రాదా అని. ఆయన నవ్వి, "ఆ పద్యం పోతన కొట్టెయ్యలేదు కదరా, అలాగే ఉంచాడు కదా" అన్నారు. అంతకు మించి చెప్పలేదు. సంబంధం లేకపోతే వదిలెయ్యండి, ఎందుకో చెప్పాలనిపించింది.

అక్షరంపిచ్చి:

సంబంధం ఎందుకు లేదండీ, ఉంది. మా దాంట్లో కూడా అలాంటిదొకటి ఉంది, 88వ కీర్తన. మిగతా ఏడుపు కీర్తనలు చాలావరకు ఎక్కడో ఒకచోట తేరుకుంటాయి, అది తేరుకోదు, చీకటితోనే ఆగిపోతుంది. 150 కీర్తనల్లో దాన్నీ ఉంచారు, ఎవరూ చివర ఒక మంచి లైను కలపలేదు.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటా, యోబు 13:15. "ఆయన నన్ను చంపినను నేను ఆయనకొరకు కనిపెట్టుచున్నాను" అని మన బైబిల్లో ఉంటుంది కదా. హీబ్రూ ప్రతిలో అక్కడ ఒక తమాషా ఉంది, వాక్యంలో రాసిన మాటకి "లేదు" అని అర్థం, అంటే నాకు ఇంక ఆశ లేదు అని. పక్కన చదివేటప్పుడు ఇలా చదవండి అని గుర్తుపెట్టిన మాటకి "ఆయన కోసం" అని అర్థం. రెండూ పలికేది మాత్రం ఒక్కలాగే. గట్టిగా చదివితే వినేవాడికి ఏది అన్నాడో తెలీదు. నాకు మాత్రం యోబు ఆ రోజు రెండూ అనుంటాడనిపిస్తుంది. (పండితులు ఒప్పుకోరు లెండి.)

మంగళగురుశని:

పేరు చూసి అర్థమైపోయి ఉంటుంది, నేను మంగళ గురు శని బ్యాచ్. ఆరేళ్ళయింది మిషన్ మీద. పైన చెప్పినంత బైబిల్ నాకు తెలీదు, సీసా గురించి మాత్రం తెలుసు, అందుకే రాస్తున్నా.

చెల్లెమ్మా, నువ్వు తలుపు వెనక తాగడం మీ ఆయనకి తెలుసు. మా ఆవిడ కూడా అలాగే చేసేది. కుండ మూత చప్పుడు, గ్లాసు ముంచిన చప్పుడు, తర్వాత కాసేపు ఏ చప్పుడూ ఉండదు, తర్వాత మూతి తుడుచుకుంటూ వస్తుంది. దాహంతో ఉన్నవాడికి నీళ్ళ చప్పుడు ఎంత దూరం నుంచైనా వినపడుతుంది. నాకు నీళ్ళు లేవని కాదు బాధ, నా వల్ల ఈవిడ సొంత ఇంట్లో దొంగలా తాగుతోందే అని. ఏడాదిన్నర ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం తెలీనట్టు నటించాం. ఒకరోజు నేనే పిలిచి, నా ఎదురుగా తాగవే అన్నా, ఏడ్చింది, తాగింది, ఇప్పుడు పక్కనే కూర్చుని తాగుతుంది, నేను చూస్తా, ఏమీ అవదు. నిజానికి చూస్తే కాస్త చల్లగానే ఉంటుంది.

కొన్ని చిన్న విషయాలు చెప్తా, డాక్టర్ని కూడా అడుగు. దాహానికి మూలం సగం ఉప్పే, ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది. సీసాలోంచి పెద్ద గ్లాసులో పొయ్యకు, చిన్న కప్పు పెట్టు. ఆ కొలత నీళ్ళలోనే కొన్ని చిన్న ఐసు ముక్కలు చేసి పెట్టు, ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే గుక్కెడు నీళ్ళ కంటే ఎక్కువసేపు వస్తుంది. పుక్కిలించి ఉమ్మెయ్యొచ్చు, అది లెక్కలోకి రాదు.

దేవుడి గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే. సిలువ మీద ఆయన అన్న మాటల్లో "దప్పిగొనుచున్నాను" అని ఒకటుంది కదా. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ మాట మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఆత్మల కోసం దాహం అనీ ఇంకేదో అనీ చెప్తారు. ఇప్పుడు నాకు ఏ అర్థమూ అక్కర్లేదు, దాహం వేసింది, వేసిందని అన్నాడు, అంతే. నాలుగో గంటలో కాళ్ళు పట్టేసి నాలిక అంగిట్లో అతుక్కుపోయినప్పుడు అది తల్చుకుంటా. బాగు చెయ్యలేదు కదా మరి అని నువ్వడిగితే నా దగ్గర జవాబు లేదు.

నీ సంగతి కూడా చూసుకో. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని ఇంక చాలు, ప్రాణం తీసెయ్ అంటే దేవదూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు, లేచి తిను అన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. నువ్వు పడుకుని ఎన్నాళ్ళయింది? వారంలో ఒక్క రోజన్నా ఆయనతో వేరే ఎవర్నన్నా పంపించు.

విశ్వాసవీరుడు_7:

అన్నా మీది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయా. సిస్టర్, నేను రాసిన దానికి సారీ. మా అమ్మ మంచాన పడినప్పుడు నాకు ఎవరో ఆ మాటే చెప్పారు, అదే మీకు చెప్పా, అప్పుడు నాకు కూడా దానివల్ల పెద్దగా ఏమీ కాలేదు, ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది.

మూడోబెంచీ:

అందరికీ విడివిడిగా రాయలేకపోతున్నా, అన్నీ చదివా, కొన్ని రెండు మూడు సార్లు. విశ్వాసవీరుడు బ్రదర్, పర్లేదండీ, నేను కూడా వేరేవాళ్ళకి అదే చెప్పేదాన్ని, ఇంకా గట్టిగా చెప్పేదాన్ని.

పాతబైబిల్ అంకుల్, ఖైదీల మాట లేదన్నది నేను ఆయనకి చదివి వినిపించా. 11 ఏళ్ళు సండే స్కూల్ చెప్పినాయన, ఇది నేనెప్పుడూ చూడలేదే అని బైబిల్ తెప్పించుకుని రెండు చోట్లా వేలు పెట్టి చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత బైబిల్ అడిగారు. కాసేపాగి "పాపం యోహాను" అన్నారు, అంతే.

మంగళగురుశని అన్నా, నిన్న సాయంత్రం గ్లాసు తెచ్చుకుని ఆయన ముందే కూర్చున్నా. చెయ్యి వణికింది. తాగేదాకా చూసి, "ఇన్నాళ్ళకా" అన్నారు. తెలుసంట, మొదటి నెల నుంచే తెలుసంట. ఇద్దరం చాలాసేపు నవ్వాం, తర్వాత అది నవ్వు కాకుండా పోయింది. ఐసు ముక్కలు మొదలుపెట్టాం, పొద్దున సీసాలోంచే కాస్త తీసి ట్రేలో పోశా, ఆరు ముక్కలు వచ్చాయి, ఏది ఎప్పుడు వేసుకోవాలో ఆయనే టైం టేబుల్ రాసుకున్నారు.

రాత్రి ఆయన పడుకున్నాక అదే వంటింట్లో నిలబడి దేవుడితో మాట్లాడా. ప్రార్థన అనొచ్చో లేదో. ఆ సంతకం సంగతి, పెన్ను కోసం ఆయన రాత్రంతా మేలుకున్న సంగతి, నువ్వు చూస్తూనే ఉన్నావు కదా అన్నా, నాకు నీ మీద చాలా కోపంగా ఉంది అన్నా. గొంతు కొంచెం పెద్దదైనట్టుంది, లోపల్నుంచి ఆయన "ఎవరితోనే" అని అడిగారు. చెప్పా. "సరే, నావి కూడా రెండు మాటలు చెప్పు" అని అటు తిరిగి పడుకున్నారు.

రేపు తెల్లారి ఐదింటికి బయల్దేరాలి, మొదటి షిఫ్టు మాది. ఈసారి మా మరిది వెళ్తానన్నాడు, నేను పడుకుంటా.